దుమ్ము దులిపిన రోజు

"నా 'చెత్త' ఏది?" చిజురు కేక పెట్టింది.

తలకి తువ్వాలు చుట్టుకుని కిటికీ అద్దాలు తుడుస్తున్న నెజు వెనక్కి తిరిగాడు. "తీసేశా. ఇవాళ ఏడాది చివరి దులుపుడు కదా! ల్యాబు అయిపోయింది, కంప్యూటర్ కూడా దులిపేశా."

"నెజు సాన్! అది నా థీసిస్ డేటా!"

"థీసిస్ ఫోల్డర్‌కి ఎవరైనా 'చెత్త' అని పేరు పెడతారా?"

"పెట్టింది మీరే! మూడేళ్లుగా నా దుమ్ముని చెత్త చెత్త అని ఏడిపించింది ఎవరు?"

నిజమే. సూర్యుడి చుట్టూ తిరిగే సన్నటి దుమ్ము ఉపగ్రహం తీసిన పరారుణ చిత్రాల్లో వెచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపెంతో కొలవడం చిజురు పని. ఆ మెరుపుని తీసేసి, దాని వెనకున్న గెలాక్సీల్ని చూడటం నెజు పని. ఆమెకి పంట, అతనికి కలుపు.

"పోనీ, కాపీ ఉందిగా?" అంది చిజురు.

"కాపీల డిస్కులో కూడా..." నెజు తలమీది తువ్వాలు విప్పేశాడు. "శుభ్రంగా తీసేశా."

థీసిస్ ఇవ్వాల్సింది జనవరి ఏడున. చిజురు బోర్లించిన బకెట్ మీద కూలబడింది. ఎదురుగా నెజు తెర మీద నల్లటి ఆకాశం, చుక్కల్లా గెలాక్సీలు. దుమ్ము జాడే లేదు.

దిగ్గున లేచింది. "ఇది నా దుమ్ము తీసేసి చేసిందేనా?"

"నువ్వు నిన్న ఇచ్చిన లెక్కతోనే."

"అయితే ఉపగ్రహం పంపిన అసలు చిత్రం తెరవండి. అందులోంచి మీ గెలాక్సీల్ని తీసేయండి. ఏం మిగులుతుంది?"

నెజు గబగబా కీబోర్డు ముందు కూర్చున్నాడు. పది నిమిషాల్లో తెర మీద ఆకాశానికి అడ్డంగా దుమ్ము పట్టీ వెలిగింది. చిజురు తన నోట్‌బుక్‌లో అంకెలతో పోల్చుకుంది. అన్నీ సరిపోయాయి. రెండు చోట్ల దాచుకున్నాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. నెజు నడుం దాకా వంగి రెండుసార్లు క్షమాపణ చెప్పి, కమలాపండు ఒలిచి ఆమె చేతిలో పెట్టాడు.

అప్పుడే చీపురుతో ప్రొఫెసర్ లోపలికొచ్చారు. "అద్దంలా ఉందర్రా ల్యాబు! నేనూ ఇప్పుడే నా గదిలోంచే ల్యాబు కంప్యూటర్ దులిపేశా. 'ఆఖరిది', 'అసలు ఆఖరిది', 'ఇదే ఆఖరిది' అని ఎవరో ఫోల్డర్లు పెట్టుకున్నారు. ఇన్ని ఆఖరివి ఎందుకని మూడూ పీకేశా. కాపీలతో సహా!"

నెజు చేతిలోంచి కమలా తొక్క జారిపోయింది. "సెన్సెయ్... అవి నా గెలాక్సీలు!"

చిజురు తాపీగా ఒక తొన నోట్లో వేసుకుంది. "కంగారెందుకు నెజు సాన్? అసలు చిత్రంలోంచి నా చెత్తని ఇంకోసారి తీసేయండి, అంతే."