జంట కూత

పాముల బెడద ఎక్కువైందని వడ్రంగి పిట్ట అడవిలోని తొర్రలన్నిటికీ తలుపులు బిగించింది. "మీ కూతే పాస్‌వర్డ్. జంటలో ఇద్దరూ ఒకేసారి కూస్తేనే తలుపు తెరుచుకుంటుంది" అని చెప్పి, మరో నలభై షరతులు గడగడా చదివింది. అవన్నీ ఎవరు వింటారు? ఎప్పుడూ కలిసే తిరిగే గోరింకల జంట "సరే, సరే" అనేసింది.

వానలు వెలిసేసరికి ఆడ గోరింకను డేగ ఎత్తుకుపోయింది. మగ గోరింక ఒంటరిగా వచ్చి తలుపు ముందు కూసింది. తలుపు తెరుచుకోలేదు.

"ఇది నా ఇల్లే. నన్ను గుర్తుపట్టలేదా?" అని వడ్రంగి పిట్టను అడిగింది.

"గుర్తుపట్టకేం, అన్నా! కానీ తలుపు నా మాట వినదు. షరతు మార్చుకోవాలి."

"అయితే మార్చు."

"మార్చాలన్నా ఇద్దరూ కూయాలి. ఆ రోజు సరే అన్నారుగా."

గోరింక ఎదురు కొమ్మ మీద కూర్చుని భార్య గొంతు సాధన చేసింది. ఐదో రోజుకు అచ్చం ఆమె గొంతే వచ్చింది. అయినా తలుపు కదల్లేదు. రెండు కూతలూ ఒకేసారి కావాలి, తనకున్నది ఒక్క నోరే.

గోరింక తలుపుకేసి చూడటం మానేసింది. కళ్లు మూసుకుని ఆమె గొంతుతో ఒకసారి కూసింది. కాసేపాగి, తన గొంతుతో బదులిచ్చింది.