శుక్రవారం వాన

ఈ శుక్రవారం కూడా వాన పడలేదు. మహితకు ఏడుపొక్కటే తక్కువ.

మే నెల. తిరుపతిలో కాకులు కూడా నీడ వెతుక్కుంటున్నాయి. ఈ ఎండల్లో వాన పడలేదని ఊళ్లో ఎవరూ బాధపడటం లేదు. కానీ మహిత ఐదేళ్ల చదువు, రాబోయే డాక్టరేటు, పూతలపట్టులో ఆమె నాయన ముందే ఊరంతా చెప్పుకున్న గొప్ప, అన్నీ ఆ వాన మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆమె పనిచేసే భౌతికశాస్త్ర విభాగం గుమ్మంలో ‘మా పరిశోధనా రంగాలు’ అని ఓ బోర్డు ఉంది. లేజర్లు, ఖగోళం, వాతావరణం. ఖగోళం వాళ్లు టెలిస్కోపు మీద గుడ్డ తీసి రెండేళ్లయింది. లేజర్ల గదిలో ఏసీ పనిచేయదు, ఏసీ లేనిదే లేజరు పనిచేయదు. విభాగానికి పేరు తెచ్చింది వాతావరణం ఒక్కటే. దానికి పెద్ద ప్రొఫెసర్ సునీల్‌కుమార్.

ఆయన కనిపెట్టిందే శుక్రవారం వాన. మిద్దె మీద వాన కొలిచే డబ్బాలో వారం పొడుగునా చుక్క లేకపోయినా, శుక్రవారం పొద్దునకు రెండు మిల్లీమీటర్ల నీళ్లు ఉండేవి. నడి ఎండాకాలంలోనూ ఉండేవి. వారాంతానికి కొండెక్కే బండ్ల పొగ మబ్బును కదిలిస్తోందని సార్ సిద్ధాంతం. ఊళ్లో మరెక్కడా పడలేదే అని ఎవరో అడిగితే, "అదే దాని విశేషం" అన్నారు. ఆ విశేషానికి ఢిల్లీ నుంచి గ్రాంటు వచ్చింది.

ఆ నీళ్లు తేటగా లేవు, ఏదో లేత రంగు తిరిగి ఉన్నాయని మహిత ఓసారి చూపించింది. పరీక్షకు పంపిస్తానని సార్ సీసా తీసుకున్నారు. వారం తర్వాత, అది శేషాచలం అడవిపూల పుప్పొడి అన్నారు. దాని మీద ఇంకో పేపరు వచ్చింది.

మిద్దె తాళం తీసి శుభ్రం చేసేది అటెండర్ చెంగయ్య. ఎనిమిదిన్నరకు రీడింగ్ రాసేది మహిత. సిద్ధాంతం చెప్పేది సార్. ఎవరి పని వాళ్లది.

గ్రాంటుతో కొత్త యంత్రం వచ్చింది. వాన పడితే అదే కొలుచుకుని, అదే కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది. ఇక మనిషెందుకని ఆఫీసువాళ్లు దినకూలీ మీద ఉన్న చెంగయ్యను మానిపించారు. పదిహేడేళ్ల కొలువు ఒక్క కాగితంతో పోయింది. సార్ అప్పుడు ఊళ్లో లేరు. బెంగళూరులో శుక్రవారం వాన గురించి ఉపన్యాసం ఇస్తున్నారు.

ఆ తర్వాత వరుసగా మూడు శుక్రవారాలు యంత్రం సున్నా చూపించింది. సరిగ్గా అప్పుడే, మహిత థీసిస్ మీద ఆఖరి ప్రశ్నలు అడగాల్సిన పుణె ప్రొఫెసర్ ఉత్తరం రాశాడు. ‘వైవా శుక్రవారమే పెట్టండి. ఆ వానను నేనూ చూడాలి.’

మహిత సార్ గదికి పరుగెత్తింది.

"మూడు వారాలుగా చుక్క లేదు సార్. మిషను చెడిపోయిందేమోనని నేనే చెంబుతో నీళ్లు పోసి చూసినా. బాగానే ఉండాది."

సార్ కాసేపు ఫ్యాను వైపు చూశారు.

"చెంగయ్య యాడుండాడు?"

"ఆయప్పను మానిపించినారు గదా సార్. తిరుచానూరులో పూలు అమ్ముకుంటాండాడంట."

"పదిహేడేళ్లు చేసిన మనిషిని పంపించేసి, నాకొక మాట చెప్పేదానికి లేదా?"

ఆయన అప్పటికప్పుడు వీసీకి ఫోన్ చేశారు. గట్టిగానే మాట్లాడారు. మనిషి లేనిదే యంత్రం లేదన్నారు. చెంగయ్య రాకపోతే గ్రాంటు వెనక్కి పంపేస్తానన్నారు. ఫోన్ పెట్టేసి, తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి, కవరులో పెట్టి అంటించారు.

"ఇది వాని చేతికే ఇయ్యి. నా మీద కోపంగా ఉంటాడు, ఫోన్ ఎత్తడు."

"మరి నా వైవా సార్?"

"నేనుండాను గదమ్మా. ధైర్యంగా పో."

ఇక్కడ కొంప మునుగుతుంటే సార్‌కు అటెండరు గుర్తొచ్చాడా అని మహితకు మొదట ఒళ్లు మండింది. తిరుచానూరు ఆటోలో కూర్చున్నాక మాత్రం సిగ్గేసింది. తను పట్టా కోసం ఏడుస్తోంది. ఆయన ఒక పేదవాడి కూటి కోసం వీసీతోనే పోట్లాడారు. ఇలాంటి గురువు ఎంతమందికి దొరుకుతాడు? ఆమెకు నిజంగానే కళ్లు చెమ్మగిల్లాయి.

అమ్మవారి గుడి వీధిలో చెంగయ్య మల్లెపూలు మూరలేస్తున్నాడు. పక్కన అతని భార్య భారతమ్మ మాల కడుతోంది. మహితను చూసి అతను గబుక్కున లేచాడు.

"ఏం పాపా, ఇంత ఎండలో వచ్చినావు? మిషను బాగుండాదా?"

"బాగుండాదన్నా. నిన్ను మళ్లీ పనిలోకి రమ్మంటాండారు. సార్ జాబు రాసినారు."

చెంగయ్య కవరు కళ్లకద్దుకున్నాడు. భారతమ్మ చేతిలో మాల వదిలేసి గుడి వైపు తిరిగి దండం పెట్టింది.

"నువ్వే సదువు పాపా. కంటికి ఆపరేషన్ అయినాది, అక్షరాలు ఆనడంల్యా."

మహిత కవరు చించింది. భార్యాభర్తలిద్దరికీ వినిపించేలా, సంతోషంగా, పైకి చదివింది.

"చెంగయ్యా, సోమవారం నుంచి పనికి వచ్చెయ్. శుక్రవారం పొద్దున పాతదానికి చేసినట్టే ఈ కొత్త మిషనుకూ నీళ్లు చల్లి పూజ చేసుకో, నేను ఎప్పటిలాగే చూడనట్టు ఉంటాను, కాకపోతే ఈసారి పసుపు కాస్త తగ్గించు."