చిత్రిక కింద పడవవాడి కూతురు

మోస్తున్న మూటను పక్క కొట్టు చూరు కింద దించి, వానకు తడవకుండా నూనె కాగితం కప్పి, సెయిజో లోపలికి వచ్చాడు. పుస్తకాలు అచ్చువేసే మోహెయ్ దుకాణం అది. ఎడో నగరంలో ముసురు పట్టి నాలుగు రోజులైంది.

“రండి గురువుగారూ! రెండో భాగం తెచ్చారా? తేకపోయినా పర్లేదు లెండి,” అన్నాడు మోహెయ్ టీ పోస్తూ.

సెయిజో చెయ్యి రొమ్ము దగ్గరికి పోయింది. రాతప్రతి బట్టల మడతలోనే ఉంది. తియ్యలేదు.

“‘పడవవాడి కూతురు’ ఎన్ని పోయాయి?”

“ఏడాదికి ముప్పై. అవీ ఇంటింటికీ పుస్తకాలు అద్దెకు తిప్పేవాళ్ళు కొన్నవే.”

పెరటి వసారాలో పనివాడు చిత్రికకు పదును పెడుతున్నాడు. వాడి పక్కన పేర్చి ఉన్నవి ఆ పుస్తకం అచ్చు చెక్కలు.

“ఇవాళ గీకించేస్తున్నా,” అన్నాడు మోహెయ్. “వాటిమీద ఊరగాయల పుస్తకం చెక్కిస్తా. అదైతే ఎవరి వంటింట్లో వాళ్ళకి ఉండాల్సిందే.”

“ఒక్క నెల ఆగండి. జనం చదువుతున్నారండీ. ఆ పిల్ల తెడ్డు వదిలేసే చోట ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఆ పేజీ మరకలతో ముడుచుకుపోయింది.”

“చదవక ఏం చేస్తారు, చిల్లర డబ్బులకు అద్దెకు దొరుకుతుంటే! ఫుకగావా పేటలో ఎవడో ఉన్నాడట. ఒక్క ప్రతిని మూడొందల ఇళ్ళ చేత చదివించాడు. వాడు మానేస్తే అందులో వందమందైనా ఇక్కడికొచ్చి కొనేవాళ్ళు. మీ రెండో భాగమూ అచ్చయ్యేది. వాడు కనపడితే చెప్పండి, కాళ్ళు విరగ్గొట్టిస్తా.”

“వాడూ బతకాలిగా.”

“బాగుంది! మీ కొంప కూల్చేవాడికే మీరు వత్తాసా? మరీ ఇంత మెత్తనైతే ఎలాగండీ?”

చెక్కలు ఎవరివైతే పుస్తకం వాళ్ళదే, రాసిన సెయిజోది కాదు. అతను టీ గిన్నె పక్కకు జరిపాడు.

చిత్రిక కర్రుమంది. సన్నటి పొర చుట్టలు తిరిగి, గాలికి దొర్లి అతని కాళ్ళ దగ్గరికి వచ్చింది. విప్పి చూశాడు. బొమ్మలో తెడ్డు పట్టుకున్న చెయ్యి, మణికట్టు వరకే ఉంది. దాన్ని రాతప్రతి మడతలో పెట్టుకుని లేచాడు.

పొద్దు వాలకముందే ఫుకగావాలో ఒక గడప ముందు మూట విప్పుతూ, “అద్దె పుస్తకాలమ్మా! మీరడిగిన ‘పడవవాడి కూతురు’ మీ వంతుకొచ్చింది, రేపు సాయంత్రానికి ఇచ్చేయాలి,” అన్నాడు సెయిజో.