అరగంట లైటు

"ఎక్కువసేపు వెలగకూడదండీ," అంది రత్నకుమారి.

నెల్సన్ తెల్లబోయాడు. తలకి కట్టుకునే ఎల్‌ఈడీ లైట్లు తయారుచేయడం అతని పని. కొల్లేరు చుట్టూ చేపల చెరువులకి కాపలా కాసేవాళ్ళంతా ఏలూరొచ్చి అతని దగ్గరే కొంటారు. ఎక్కువసేపు వెలగాలని ప్రాణం తీస్తారు. ఈవిడేమో కైకలూరు నుంచి బస్సెక్కి వచ్చి మరీ ఈ మాట అంటోంది!

"లైటు ఎవరికండీ?"

"మా ఆయనకండీ. సాయంత్రాలు కరెంటు పోయినా పని ఆపరు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటారు. మొదలెడితే ఇక టైమే తెలీదు. కూడా ఉన్నవాళ్ళు చీకట్లో ఒక్కొక్కళ్ళే జారుకుంటున్నారు. ఈ సంగతి పైవాళ్ళ చెవిన పడిందంటే మమ్మల్ని వేరే ఊరు మార్చేస్తారు. పిల్లల చదువులేం కావాలండీ?"

పాపం అనిపించింది నెల్సన్‌కి. రూపాయి బిళ్ళంత సర్క్యూట్లు రెండు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది పెడితే బ్యాటరీ అయిపోయేదాకా వెలుగు ఒకేలా ఉంటుంది, ఆఖర్న టక్కున ఆరిపోతుంది. ఈ రెండోదుందే, బ్యాటరీ దిగేకొద్దీ వెలుగూ దిగిపోతుంది. ఇది నేనెవరికీ ఇవ్వనండీ."

"నాకదే ఇవ్వండి. టక్కున ఆరితే ఇంకో లైటు తెమ్మంటారు. మెల్లగా తగ్గితే ఆయనే సర్దుకుని ముగిస్తారు. బ్యాటరీ కూడా అరగంటకి సరిపోయేది చాలు."

"చీకట్లో పాములవీ ఉంటాయి కదండీ!"

"ఆయనకలాంటి భయాల్లేవండీ. దేవుడున్నాడంటారు."

"సరే, పేరు చెప్పండి. లైటు మీద రాసిస్తాను."

"అమ్మో, పేరొద్దండీ! నేనిలా అడిగానని తెలిస్తే ఇంకేమన్నా ఉందా?"

సాయంత్రం వచ్చి తీసుకుంటానని ఆవిడ బజారుకెళ్ళింది. నెల్సన్‌కి మాత్రం మనసొప్పలేదు. నీళ్ళ పక్కన ఒంటరి మనిషి తలకి ఆరిపోయే లైటు కట్టడమా? రేపు జరగరానిది జరిగితే ప్రభువుకి ఏం జవాబు చెప్పాలి? మొదటి సర్క్యూటే పెట్టి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద బ్యాటరీ వేసి బిగించేశాడు. ఒక ప్రాణం కాపాడానన్న సంతోషంలో ఆ పూట బిర్యానీ కూడా తెప్పించుకున్నాడు.

సోమవారం షాపు తెరిచేసరికే రత్నకుమారి గుమ్మంలో ఉంది.

"ఏవండీ, ఏ సర్క్యూట్ పెట్టారు మీరు? నిన్న సాయంత్రం మూడు గంటలు వెలిగింది!"

"మంచిదే పెట్టానండీ. తిట్టండి, పడతాను. ముందు ఆయన క్షేమమేనా?"

"ఆయనకేం, మహా హుషారుగా ఉన్నారు! ఇంత మంచి లైటు చేసినాయన్ని చూసి దీవించాలట. అక్కడ ముసలమ్మలు కూర్చున్నచోటే నిద్రపోయారు. పిల్లలు ఆకలని ఒకటే ఏడుపు!"

నెల్సన్ బుర్ర గోక్కున్నాడు. "చెరువు గట్టు మీదికి ముసలమ్మలెందుకొచ్చారండీ?"

రత్నకుమారి నెత్తి కొట్టుకుంది.

"చెరువేంటండీ, మా ఆయన పాస్టరు!"