అంచు బండి

"బ్లోయర్ మళ్లీ ఆగింది!"

వైర్‌లెస్‌లో ముందు బండి తోలే హాత్తా గొంతు నవ్వాపుకుంటోంది.

కుమగాయ్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. మంచు పొగలో పసుపు దీపం ఒక్కటే గిర్రున తిరుగుతోంది. బండి మాత్రం కదలడం లేదు.

రన్‌వే మీద మంచు తోసే బండ్లు ఏటవాలుగా బారు తీరి వెళ్తాయి. ఆ బారులో ఆఖరిది కుమగాయ్‌ది, అంచు బండి. ముందు బండ్లు నెట్టుకొచ్చిన మంచునంతా రన్‌వే అంచు లైట్ల వరసకు తగలకుండా, ఇవతలే కుప్పగా వదలాలి. వెనక వచ్చే బ్లోయర్ ఆ కుప్పను పీల్చి మైదానంలోకి విసిరేస్తుంది.

హొక్కైదో ఉత్తరాన ఉన్న ఆ విమానాశ్రయంలో, ఎన్నో ఏళ్లుగా అంచు అంటే కుమగాయే.

బ్లోయర్ తోలే సెనో ఈ చలికాలమే చేరాడు. బంగాళదుంపల రైతు. పొలం మంచు కింద ఉన్నన్నాళ్లూ ఇక్కడ పని.

"ఏవయ్యా సెనో, మళ్లీ ఒంటికేనా?" హాత్తా అడిగాడు.

"క్షమించండి. ఆగడం లేదు. ఇప్పుడే వచ్చేస్తా."

"బండికో కుండ కట్టిద్దామా?"

వైర్‌లెస్ నిండా నవ్వులు.

కుమగాయ్ నవ్వలేదు. అవతల ఓ విమానం రెక్కలకు మందు కొట్టించుకుని సిద్ధంగా ఉంది. రెక్కల మీద మంచు పేరుకోకుండా కొట్టే ఆ మందు బలం కాసేపే. ఆలోగా రన్‌వే తెరవకపోతే, వెనక్కి వెళ్లి మళ్లీ కొట్టించుకోవలసిందే.

ఆ రోజు అదే జరిగింది. విమానాల రాకపోకలు చూసే టవర్ వాళ్లు సూపర్‌వైజర్ మికామి గారిని చెడామడా తిట్టారు.

మధ్యాహ్నం స్టవ్ చుట్టూ అందరూ భోజనానికి చేరారు. సెనో తన డబ్బాలోని ఊరేసిన ముల్లంగి ముక్కలు కుమగాయ్ ముందుకు జరిపాడు.

"మా ఆవిడ పెట్టింది. రుచి చూడండి."

కుమగాయ్ డబ్బాను వెనక్కి నెట్టాడు.

"నువ్వు ఒంటికి పోసొచ్చేదాకా విమానం నిండా జనం బిక్కుబిక్కుమంటూ కూర్చోవాలా?"

"వయసు కదండీ కుమగాయ్ గారూ. ఎవరికైనా ఒంట్లో ఏదో ఒకటి సడలుతుంది."

"సడిలితే ఇంట్లో కూర్చో. మా పరువు తీయకు."

"నిజమేనండీ," అన్నాడు సెనో, నవ్వుతూనే.

అతని వేళ్లు కందిపోయి, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. బ్లోయర్‌లో వెచ్చగా హీటరుంది కదా, ఇతని చేతులకేమొచ్చింది అనుకున్నాడు కుమగాయ్.

ముఖం తిప్పుకుని అన్నం తినసాగాడు.

సాయంత్రం మికామి గారు పిలిపించింది.

"పైవాళ్లకు సమాధానం చెప్పుకోవాలి. ఆలస్యం ఎవరివల్ల, కుమగాయ్ గారూ?"

ఈ ఏడాది రన్‌వే లైట్లు కుమగాయ్‌కి తెల్లటి పాలలో కరిగిపోయినట్టు కనిపిస్తున్నాయి. కొన్నిసార్లు అలవాటు మీదే తోలుతున్నాడు. ఈ ఏటి మంచు మరీ పొడి, అందుకే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ సంగతి ఎవరూ ఎత్తకముందే నోరు జారింది.

"ఇంకెవరు? సెనో. అతనున్నంతకాలం ఇంతే."

"మీ మాట మీద తీసేస్తాను. కానీ ఇది నడి చలికాలం. ఊళ్లో అతనికి ఇంకో పని పుట్టదు."

వద్దు, ఉండనివ్వండి అని నాలుక చివరిదాకా వచ్చింది.

"తీసేయండి," అన్నాడు.

మర్నాడు బస్సెక్కే ముందు సెనో షెడ్డు దగ్గరికొచ్చి కుమగాయ్‌కి నడుము వంచి నమస్కరించాడు. కుమగాయ్ బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగిపోయాడు. బస్సు కదిలేదాకా ఆ తాడు ముడి పడలేదు.



కొన్నాళ్లకు మళ్లీ మంచు దంచికొట్టింది. బండ్లు బారు తీరాయి. కొత్త కుర్రాడు తోలుతున్న బ్లోయర్ ఎక్కడా ఆగలేదు.

"చూశారా, ఎంత తొందరగా అయిందో!" అన్నాడు కుమగాయ్ వైర్‌లెస్‌లో.

రన్‌వేను తనిఖీ చేయడానికి వెళ్లిన మికామి గారి గొంతు వచ్చింది.

"రన్‌వే తెరవడం కుదరదు. అన్ని విమానాలనీ వెనక్కి పంపండి."

మందు కొట్టించుకున్న విమానాలు ఒకదాని వెనక ఒకటి తిరిగి వెళ్లిపోయాయి. ఆమె కారులో వచ్చి కుమగాయ్‌ను అంచుకు తీసుకెళ్లింది.

లైట్ల వరస లేదు. ఆ చోట నున్నటి తెల్లటి గట్టు ఉంది.

ఆమె పారతో గట్టును తవ్వింది. లోపల లైటు వెలుగుతూనే ఉంది. ఇంకొంచెం అవతల తవ్వింది. అక్కడా అంతే.

"ఇది... నేను తోసిన మంచేనా?"

"మీ బండి దారే."

కుమగాయ్‌కి సెనో పగిలిన వేళ్లు కళ్ల ముందు కదిలాయి.

"అతను ఒంటికి దిగలేదు," అన్నాడు. "నా వెనక ఇవన్నీ తవ్వుకుంటూ వచ్చాడు."

మికామి గారు పారను గట్టులో గుచ్చి, లైటు మీది మంచును చేత్తో తుడిచింది.

"అతన్ని పిలిపించండమ్మా. కాళ్లు పట్టుకుంటాను."

"పని వెతుక్కుంటూ దక్షిణానికి పోయాడట. ఎక్కడికో ఊళ్లో ఎవరికీ తెలియదు."

"నాకోసం ఎందుకు చేశాడిదంతా? నేనతనికేమవుతాను?"

ఆమె పారను కారులో పెట్టి అతని వైపు తిరిగింది.

"మీ చూపు మందగించిందని నాకు పోయిన ఏడే అనుమానం వచ్చింది కుమగాయ్ గారూ. మీ బదులు అంచు బండి తోలడానికి నేను రప్పించిన మనిషే సెనో; మొదటి రోజు మీ వెనక వెళ్లొచ్చి, 'ఆయన అంచు అద్దంలా ఉందండీ, ఆయన్ని కదపకండి, నాకు బ్లోయర్ చాలు' అని వెళ్లి బ్లోయరెక్కాడు."