మడుగు మీద పందెం

“నీడ నీళ్లమీద పడుతుందయ్యా. పడమటి గట్టుకి రాండి,” అన్నాడు ఇశ్రాయేలు.

కట్టమీద కూర్చున్న రాహేలమ్మ పళ్లు నూరింది. చెప్పేది తన మొగుడు. చెప్పించుకునేది బ్రహ్మయ్య.

రోహిణి కార్తె చివరి రోజులు. ఊరిచెరువు ఎండి నెర్రెలిచ్చింది. నడిమధ్య ఒక్క మడుగు మిగిలింది. బతికున్న కొరమీనంతా అందులోనే. తాతల నాటి నుంచి ఈ నెలరోజులు ఆ మడుగు ఊరవతలి పేటవాళ్లది. పొలాల్లో పని ఉండదు. వానపడి నాగళ్లు కదిలేదాకా గాలానికి పడిందే కూర, ఒక్కోపూట అదే కూడు. పైగా యుద్ధం రోజులు. జొన్నలు కూడా దొరకడం లేదు.

ఈ ఏడు ఊళ్లో ఆసామి బ్రహ్మయ్య చెరువును వేలంలో పాడుకుని మడుగుకు కాపలా పెట్టాడు. అడగబోయిన పేటవాళ్లను కసిరాడు.

“కప్పను గుచ్చి నీళ్లలో వదలడం కూడా ఒక విద్యేందిరా? ఒక్క పూటలో నేను పడతా.”

మాటకు మాట పెరిగింది. నలుగురిలో పందెం కట్టాడు. పొద్దు గుంకేలోగా తన చేత్తో ఒక్క కొరమీను గట్టెక్కించినా, పేటవాడెవడూ మళ్లీ ఆ మడుగు తొక్కకూడదు. ఎక్కించలేకపోతే మడుగు ఎప్పటిలాగే వాళ్లది. ఎట్లా పట్టాలో పేటలో గాలానికి పేరున్న ఇశ్రాయేలే చెప్పాలి. అబద్ధం చెబితే పసిగట్టడానికి వెంకటప్పయ్య ఉన్నాడు. వయసులో ఉండగా గాలం వేయడంలో పండిపోయిన మనిషి. తుమ్మచెట్టు కింద మంచం వేయించుకుని కూర్చున్నాడు.

ఇశ్రాయేలు అబద్ధం చెప్పలేదు. అదే రాహేలమ్మ కడుపుమంట.

“ఎండెక్కితే తుంగ నీడకి చేరుద్దయ్యా. ఊపిరికి పైకొచ్చి నోరు తెరుస్తది. బుడగ లేచినకాడ కాదు, దానికి మూరెడు ముందు వెయ్యాల.”

“నిజమేనా మామా?” అని అడిగాడు బ్రహ్మయ్య.

“నిజమే అల్లుడా. నేనూ అట్టాగే వేసేవాణ్ణి,” అన్నాడు వెంకటప్పయ్య.

పక్కింటి కోటమ్మ రాహేలమ్మను మోచేత్తో పొడిచింది. “నీ మొగుడికి ఎకరం రాసిచ్చాడా ఏందే? అంత ముద్దుగా నేర్పుతుండాడు.”

రాహేలమ్మ ఆ మోచేతిని విసురుగా తోసేసింది.

కొక్కేలకు ముందురోజే దారం కట్టి సిద్ధం చేసింది ఇశ్రాయేలే. ఎర గుచ్చేదీ అతనే. బతికున్న కప్పను ముట్టడం బ్రహ్మయ్యకు పరువుతక్కువ. బుట్ట మూత తీయగానే మొహం అటు తిప్పి, పైపంచ ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. కప్ప నీళ్లలో పడ్డాకే కర్ర అందుకునేవాడు.

జాము పొద్దెక్కాక దారం బిగిసింది.

“లాగబాకండి. మింగనీండి. అయిదు లెక్కపెట్టండి. ఆఁ, ఇప్పుడు.”

బ్రహ్మయ్య లాగాడు. మోచేతి పొడుగు నల్లటి చేప నీళ్లమీదికి లేచింది. ఒక్కసారి తల విదిలించింది. దారం తేలిపోయింది.

“తొందరపెట్టి చెడగొట్టావు గదరా,” అని ఇశ్రాయేలు మీద ఎగిరాడు బ్రహ్మయ్య.

“వాడు సరిగ్గానే చెప్పాడు అల్లుడా. నీ చేతికే ఇంకా వాటం రాలేదు,” అన్నాడు వెంకటప్పయ్య.

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. బ్రహ్మయ్య చెవులు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నానికి ఇంకో రెండు పోయాయి. మూడోదైతే గట్టంచుదాకా వచ్చి, బురదలో పొర్లి జారుకుంది. చేప పోయినప్పుడల్లా ఇశ్రాయేలు ఇంకో కిటుకు చెప్పాడు. దారం వదులు కానివ్వొద్దన్నాడు. కర్ర పక్కకు వాల్చమన్నాడు. ప్రతిదానికీ వెంకటప్పయ్య తలూపాడు.

రాహేలమ్మ ఇక కూర్చోలేకపోయింది. మంచినీళ్ల ముంత పట్టుకుని మొగుడి దగ్గరికి వెళ్లింది.

“పిల్లల నోట్లో నువ్వే మట్టి కొడతావా? ఒక్క అబద్ధం ఆడితే నీ నోరు పడిపోద్దా?” అంది పళ్ల మధ్య నుంచి.

“పోయి కూర్చోవే,” అన్నాడు ఇశ్రాయేలు, నీళ్లమీద నుంచి చూపు తిప్పకుండా.

కూర్చుంది. చేప తగిలినప్పుడల్లా ప్రాణం ఉగ్గబట్టుకుంది. జారినప్పుడల్లా దేవుడికి దణ్ణం పెట్టి మొగుణ్ణి శపించింది.

పొద్దు కొండ మీదికి దిగాక అయిదోది పోయింది. అన్నిటికంటే పెద్దది. బ్రహ్మయ్య కర్రను నేలకేసి కొట్టాడు.

“చెప్పేవాడు సరైనోడైతే అయిదు చేపలు పోతాయా మామా?”

వెంకటప్పయ్య మంచం దిగాడు. “మా నాయన నాకు చెప్పిందీ ఇవే మాటలు. వాణ్ణి అని లాభం లేదు. నలుగురిలో అన్నావు. మడుగు వాళ్లది.”

బ్రహ్మయ్య ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. పేటవాళ్లు బుట్టలకోసం ఇళ్లకు పరుగుతీశారు. ఇశ్రాయేలు ఆ కర్రను ఏరుకుని భుజానేసుకుని నడిచాడు. అతన్ని ఒక్కడూ పలకరించలేదు.

వాగు దాటేదాకా రాహేలమ్మ ఓర్చుకుంది.

“మడుగు దక్కింది నీ వల్ల కాదు. వాడి చేతగానితనం వల్ల. వాడి చెయ్యి కాస్త తిరిగుంటే రేపటి నుంచి మన పిల్లలకి ఏం పెట్టేదాన్నయ్యా?”

ఇశ్రాయేలు కర్రను రెండో భుజానికి మార్చుకుని నడక సాగించాడు. అది చూసి ఆమెకు ఇంకా మండింది.

“ఆ దరిద్రపు గాలం నా గడప తొక్కడానికి లేదు,” అని భుజం మీది కర్రను ఒక్క గుంజు గుంజింది. కొక్కెం వచ్చి బొటనవేలిలో కసుక్కున దిగింది. చేపను జారనివ్వని ఆ ఎదురుముల్లు కండనెంత చీలుస్తుందోనని కళ్లు గట్టిగా మూసుకుని లాగింది.

ముల్లు ఆనవాలన్నదే లేకుండా ఆకురాయితో అరగదీసిన కొక్కెం, కుట్టిన సూది వచ్చినంత తేలిగ్గా బయటికి జారింది.