బండిలో రోగం లేదు

నాగబాబు బండి కింద నుంచి పాకుతూ బయటికొచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ట్యాంకు లీకేజీ లేదు దీదీ. పైపులు బిల్కుల్ బాగున్నాయి."

"మరేటి?" అంది ఊర్మిళ. "లీటరుకు పన్నెండిచ్చే బండి తొమ్మిదికి ఎందుకు పడిపోయింది?"

భన్‌పురిలో నాగబాబు షెడ్డు ముందు పొద్దుటి నుంచి ఇదే పని. ఎయిర్ ఫిల్టరు విప్పి చూశాడు, శుభ్రంగా ఉంది. ఇంజెక్టర్లు పరీక్ష చేయించాడు. టైర్లలో గాలి చూశాడు. జాకీ మీద ఎత్తి తిప్పితే చక్రాలు ఎక్కడా పట్టకుండా తిరిగాయి. పికప్పు వ్యాను పాతదే గాని, ఊర్మిళ దాన్ని ఇంట్లో మనిషిలా చూసుకుంటుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ హిందీ ఊళ్లో స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. భర్త పోయాక గోనె సంచుల వ్యాపారం ఆమే నడుపుతోంది. పాత సంచులు కుట్టించి తిల్దా రైసు మిల్లులకు పంపేది ఆ బండిలోనే.

డ్రైవరు పాల్ షెడ్డు గోడ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నరసాపురం వైపు మనిషి. ఊర్మిళ భర్త ఉన్న రోజుల నుంచీ ఆ స్టీరింగు అతనిదే. పొద్దుటి నుంచి టీ కూడా ముట్టలేదు.

"ఒక్కటి మాత్రం అజీబ్‌గా ఉంది," అన్నాడు నాగబాబు. "బ్రేకు షూలు మొన్న హోలీకి నేనే వేశాను. అప్పుడే అరిగిపోయాయి. క్లచ్ ప్లేటూ అంతే. అడుగడుక్కీ బ్రేకు తొక్కుతూ, ఎలా తోలుతున్నావేంటన్నా?"

"బీర్‌గావ్ దగ్గర రోడ్డు తవ్వేశారు కదా," అన్నాడు పాల్ నేల చూస్తూ. "సెకండు గేర్లోనే పోవాలి."

నాగబాబు అతని దగ్గర తాళం తీసుకున్నాడు. బంకుకెళ్లి ట్యాంకు అంచుదాకా నింపించాడు. తానే స్టీరింగు పట్టి, బిలాస్‌పూర్ రోడ్డు మీద చాలా దూరం పోయి వచ్చాడు. మళ్లీ అదే బంకులో నింపించి, లెక్క చూసుకుని షెడ్డుకు తిరిగొచ్చి తాళం పాల్ చేతికిచ్చాడు.

"పన్నెండు పైనే ఇచ్చింది. బండిలో రోగం లేదు దీదీ."

ఆ మాటకు అర్థం ఏమిటో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. పాల్‌ని అనుమానించాల్సి వచ్చినందుకే ఊర్మిళకు మొహం వేడెక్కింది. కొంగు సర్దుకుంటూ పక్కకి తిరిగింది.

నాగబాబే వాతావరణం తేలిక చేయబోయాడు. "ఒక పని చేద్దాం. ఇప్పుడు అన్న తోలతాడు, నేను పక్కన కూర్చుంటా. తిల్దా దాకా వెళ్లొస్తే సంగతేంటో తేలిపోతుంది."

పాల్ గబుక్కున లేచాడు.

"అక్కర్లేదు. డీజిలు నేనే తీశానండి."

ఊర్మిళ సరిగా వినబడనట్టు చూసింది. "ఏటన్నావ్?"

"నేనే తీసి అమ్ముకున్నానండి, ఊర్మిళమ్మగారూ."

పక్క షెడ్డులో సుత్తి చప్పుడు ఆగింది. ఇద్దరు ముగ్గురు తలలు బయటికి పెట్టి చూశారు. పాల్ చెవులు ఎర్రబడ్డాయి.

"నాకొక మాట సెప్పుంటే ఇచ్చీదాన్ని కదా అన్నయ్యా," అంది ఊర్మిళ. "కల్యాణిని రోజూ నీ పక్కన కూర్చోబెట్టి కాలేజీకి పంపేను. నా ఒక్కగానొక్క పిల్లని. నీ మీద అంత నమ్మకం నాకు."

కల్యాణి పేరు వినగానే పాల్ కళ్లు మూసుకున్నాడు. జేబులోంచి తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఊర్మిళ కళ్లు తుడుచుకుంది. ఆ చెవిని అటూ ఇటూ తిప్పి, మళ్లీ అతని వైపు చాపింది.

"అయిందేదో అయింది. ఈ మాట ఇక్కడితో మర్చిపోదాం. నాగబాబు కూడా ఎవరికీ సెప్పడు. రేపు ఎప్పట్లాగే వచ్చీ."

"హాఁ అన్నా, మర్చిపో," అన్నాడు నాగబాబు.

పాల్ రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు.

"వద్దండి. నాకు మళ్లీ తాళం ఇవ్వకండి. ఎవరన్నా మంచి డ్రైవర్ని చూసుకోండి. ఇవాళే చూసుకోండి. పాపని కూడా ఆ కొత్తబ్బాయితోనే పంపండి."

ఇక అక్కడ నిలబడలేక రోడ్డు వైపు నడిచాడు. "చోర్ నిక్లా," దొంగేనని తేలిందని పక్క షెడ్డులోంచి ఎవరో అనడం అతనికి స్పష్టంగా వినబడింది. వెనక్కి తిరగలేదు.

షేర్ ఆటోలో బీర్‌గావ్‌లోని ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. భార్య విజయకుమారి అప్పుడే ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి, నర్సు యూనిఫాం మార్చుకోకుండానే వాకిట్లో కూర్చుని ఉంది. వారం నుంచి ఇద్దరి మధ్యా ఒకటే గొడవ. నువ్వు చెప్పకపోతే నేనే వెళ్లి ఊర్మిళమ్మతో చెబుతానని పొద్దున కూడా గట్టిగానే అంది.

"చెప్పావా?" అని అడిగింది.

"చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏడ్చింది. తర్వాత, మర్చిపోయి మళ్లీ రమ్మంది."

"వెళ్తానన్నావా?"

"లేదు. తాళం ఇచ్చేశాను."

విజయకుమారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది. పాల్ గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు, తల దించుకునే కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేసింది.

"తలెత్తు. అంత సిగ్గెందుకు? నిజం చెప్పి మంచి పని చేశావు," అని, మెల్లగా అడిగింది.

"కళ్లు కనబడకపోవడం నీ తప్పా?"